ఉప్పు చెమట – పుల్లని పేగు

(ఎం.ఎస్సీ. జీవరసాయనశాస్త్రం చదువుతున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి)



వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం అడిగింది. మలేరియా, క్షయ, డెంగీ లాంటి జబ్బుల గురించి మీరు తరగతిలో చదువుకుంటూనే ఉన్నారు. అందుకని తరగతిలో పేరు మాత్రమే వినిపించే ఒక జబ్బును ఎంచుకున్నాను. దాని పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. జన్యు వ్యాధుల జాబితాలో హీమోఫిలియా, సికిల్ సెల్ రక్తహీనతల పక్కన ఈ పేరు కనిపిస్తుంది. దాని కింద గీత గీసి, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు జవాబు రాసి మరచిపోతాం. నిజానికి ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఆమ్లాలు–క్షారాలు, జీర్ణక్రియ, కణం, అనువంశికత అనే నాలుగు పాఠాలు చాలు. ఆ నాలుగూ మీరు చదివినవే. ఇక్కడ వాటిని ఒకచోట చేర్చి చూద్దాం.

ఈ జబ్బు ఊపిరితిత్తులనూ, క్లోమాన్నీ, పేగులనూ, స్వేదగ్రంథులనూ పట్టి పీడిస్తుంది. ఊపిరితిత్తుల సంగతి చాలామంది రాశారు. నేను పేగు సంగతి చెబుతాను. పేగు గోడలోని కణాలలో పులుపూ క్షారమూ లెక్క తప్పితే ఏమవుతుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పులుపు లెక్క

పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. సున్నం క్షారం కాబట్టి పసుపు రంగు మారింది. ఆ పారాణిలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చగా అవుతుంది. నిమ్మరసం ఆమ్లం కాబట్టి. ఏది ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో అంకెల్లో చెప్పడానికి పి.హెచ్. అనే కొలత ఉంది. 7 అంటే తటస్థం. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇందులో గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరుగుతుంది. రెండంకెలు తగ్గితే 100 రెట్లు పెరుగుతుంది. అంటే 7కూ 5కూ తేడా రెండే కదా అనుకోకూడదు.

మన రక్తం పి.హెచ్. 7.35 నుంచి 7.45 మధ్యలో ఉంటుంది. కణాల లోపల సుమారు 7.2 ఉంటుంది. జీర్ణాశయంలో మాత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కనుక 1 నుంచి 3 వరకు పడిపోతుంది. అంత పుల్లటి అన్నం ముద్ద జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగుతుంది. అక్కడ పనిచేయవలసిన లైపేజ్, ట్రిప్సిన్ వంటి క్లోమ ఎంజైములకు ఈ పులుపు గిట్టదు. వాటికి పి.హెచ్. 7, 8 దగ్గర ఉంటేనే పని సాగుతుంది. పి.హెచ్. 4 కంటే తగ్గితే కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ మళ్లీ కోలుకోకుండా పాడవుతుంది.

అందువల్ల ఆంత్రమూలంలోకి ముద్ద దిగీ దిగగానే దాని పులుపు విరగాలి. ఆ పని చేసేది ఎవరు?

పేగులో వంట సోడా

చింతపండు పులుసులో చిటికెడు వంట సోడా వేస్తే బుసబుసమని నురగ వస్తుంది, పులుపు విరుగుతుంది. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్. ఆ నురగ కార్బన్ డై ఆక్సైడ్. సరిగ్గా ఇదే చర్య మనం అన్నం తిన్న ప్రతిసారీ ఆంత్రమూలంలో జరుగుతుంది. క్లోమం రోజుకు లీటరుకు పైగా రసం తయారు చేస్తుంది. రక్తంలో లీటరుకు 24 మిల్లీమోల్స్ చొప్పున ఉండే బైకార్బొనేట్, ఈ రసంలో 140 మిల్లీమోల్స్ వరకు చేరగలదు. అంటే దాదాపు ఆరు రెట్లు. దీనికి తోడు పేగు గోడలోని కణాలు కూడా తమ వంతు బైకార్బొనేట్‌ను నేరుగా పేగులోకి వదులుతాయి. ఈ రెండూ కలిసి జీర్ణాశయం నుంచి వచ్చిన పులుపును విరిచేస్తాయి.

వీధి గుమ్మం, పెరటి గుమ్మం

పేగు కణాన్ని ఒక చిన్న ఇల్లు అనుకోండి. దానికి ఒక వైపు పేగు నాళం ఉంటుంది. అది వీధి. రెండో వైపు రక్తనాళాలు ఉంటాయి. అది పెరడు. క్లోరైడ్, బైకార్బొనేట్, సోడియం, హైడ్రోజన్ అయాన్లు విద్యుదావేశం ఉన్నవి. కణాన్ని చుట్టి ఉన్న త్వచం కొవ్వుతో చేసింది. కొవ్వు గోడను అయాన్లు తమంతట తాము దాటలేవు. ప్రతి అయానుకూ ఒక ప్రోటీన్ తలుపు కావాలి.

పెరటి వైపు మూడు ముఖ్యమైన తలుపులున్నాయి. ఒకటి సోడియంతో కలిపి బైకార్బొనేట్‌ను రక్తం నుంచి కణంలోకి తెస్తుంది. రెండోది సోడియం, పొటాషియంలతో కలిపి క్లోరైడ్‌ను తెస్తుంది. మూడోది కణంలో మిగిలిన హైడ్రోజన్ అయాన్లను పెరట్లోకి నెట్టేస్తుంది. ఇవి కాక, కణం లోపలే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది కార్బన్ డై ఆక్సైడ్‌నూ నీటినీ కలిపి కొత్తగా బైకార్బొనేట్‌ను తయారు చేస్తుంది.

వీధి వైపు కూడా మూడు తలుపులను గమనించాలి. మొదటిది మన కథానాయకుడు. దాని పేరు సి.ఎఫ్.టి.ఆర్. క్లోరైడ్ అయాన్లూ, బైకార్బొనేట్ అయాన్లూ దీని గుండానే పేగులోకి పోతాయి. రెండోది ఇచ్చిపుచ్చుకొనే తలుపు. ఒక క్లోరైడ్‌ను వీధి నుంచి లోపలికి తీసుకొని, బదులుగా బైకార్బొనేట్‌ను వీధిలోకి ఇస్తుంది. మూడోది కూడా అలాంటిదే. సోడియంను లోపలికి తీసుకొని హైడ్రోజన్ అయాన్‌ను బయటికి ఇస్తుంది. దీన్ని ఎన్.హెచ్.ఇ.3 అంటారు. హైడ్రోజన్ అయాన్ అంటే పులుపే కదా. కాబట్టి మొదటి రెండు తలుపులు పేగును క్షారం చేస్తే, మూడోది ఆమ్లం చేస్తుంది. సోడియం వెంట నీరు కూడా కణంలోకి పోతుంది గనుక మూడో తలుపు పేగును పొడిగానూ చేస్తుంది.

సి.ఎఫ్.టి.ఆర్. ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు కాదు. అన్నం ముద్ద దిగినప్పుడు హార్మోన్లు, నాడులు కబురు పంపుతాయి. ఆ కబురుతో కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే పదార్థం పెరుగుతుంది. దాని ప్రభావంతో సి.ఎఫ్.టి.ఆర్.కు ఫాస్ఫేట్ సమూహాలు తగులుకుంటాయి. అప్పుడు ఏ.టి.పి. వచ్చి చేరితే తలుపు తెరుచుకుంటుంది. అదే సమయంలో పుల్లటి మూడో తలుపు తగ్గుముఖం పడుతుంది. అంటే ఒకవైపు నీరూ క్షారమూ బయటికి వస్తాయి, మరోవైపు పులుపు విడుదల తగ్గుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

తలుపు తెరుచుకోకపోతే

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జరిగేది ఒక్కటే. సి.ఎఫ్.టి.ఆర్. తలుపు సరిగా తయారు కాదు, లేదా తయారైనా తెరుచుకోదు. మిగతా కష్టాలన్నీ ఈ ఒక్కదాని నుంచే వరుసగా వస్తాయి.

మొదటి కష్టం: బైకార్బొనేట్ బయటికి రాదు. సి.ఎఫ్.టి.ఆర్. గుండా రావలసింది ఆగిపోవడమే కాదు, రెండో తలుపు కూడా మందగిస్తుంది. ఎందుకంటే అది బైకార్బొనేట్ ఇవ్వాలంటే క్లోరైడ్ పుచ్చుకోవాలి. సి.ఎఫ్.టి.ఆర్. మూసుకుపోవడంతో కణంలో క్లోరైడ్ బయటికి పోయే దారి లేక నిండిపోయి ఉంటుంది. నిండిన గాదెలో ఇంకా ధాన్యం ఎలా పోస్తాం? ఒక తలుపు చెడితే పక్క తలుపు పని కూడా చెడిందన్నమాట.

రెండో కష్టం: పుల్లటి తలుపు ఎన్.హెచ్.ఇ.3కు ‘ఇక తగ్గు’ అని చెప్పే పద్ధతి తప్పిపోతుంది. అది తన పని తాను చేసుకుపోతూ హైడ్రోజన్ అయాన్లను పేగులోకి వదులుతుంది, సోడియంనూ నీటినీ లోపలికి లాగుతుంది. పేగు నాళం పుల్లగా, పొడిగా తయారవుతుంది.

మూడో కష్టం: క్లోమం గొట్టాల్లోనూ ఇదే తలుపు ఉంది. అక్కడ నీరూ బైకార్బొనేటూ రాకపోతే ఎంజైములతో నిండిన రసం చిక్కబడి గొట్టాలను మూసేస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి సుమారు 85 మందికి క్లోమ ఎంజైములు చాలినంతగా పేగుకు చేరవు. చేరిన కొద్దిపాటి ఎంజైములకు కూడా అక్కడి పులుపు గిట్టదు. పైత్యరస ఆమ్లాలు సైతం ఆ పులుపుకు విరిగి గడ్డకడతాయి. దాంతో కొవ్వు జీర్ణం కాదు. కొవ్వుతోపాటు ఒంట పట్టవలసిన ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా అందవు. బిడ్డకు విరేచనం జిడ్డుగా, చెడు వాసనతో, నీటిమీద తేలేలా అవుతుంది. ఎంత తిన్నా ఒళ్లు చేయదు.

సబ్జా గింజలు చెప్పే పాఠం

పేగు లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది. దాన్ని శ్లేష్మం అంటాం. గాబ్లెట్ కణాలు మ్యూసిన్ అనే ప్రోటీన్‌ను సన్నటి సంచుల్లో బిగించి కట్టి ఉంచుతాయి. సంచిలో కాల్షియం అయాన్లు మ్యూసిన్ పోగులను కుట్టినట్లు పట్టి ఉంచుతాయి. బయటికి వదిలినప్పుడు అది నీటిలో వేసిన సబ్జా గింజలా వందల రెట్లు ఉబ్బి, పల్చటి జారుడు జిగురు కావాలి.

ఉబ్బడానికి నీరు ఒక్కటే చాలదు. కుట్టు విప్పాలి. ఆ పని చేసేది కూడా బైకార్బొనేటే. అది కాల్షియంను పట్టుకొని మ్యూసిన్ నుంచి విడదీస్తుంది. అమెరికా శాస్త్రవేత్త పాల్ క్వింటన్ 2008లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. మరుసటి ఏడాది ఎలుక పేగుపై ఆయన బృందం చేసిన ప్రయోగాల్లో బైకార్బొనేట్ లేకపోతే శ్లేష్మం సరిగా బయటికి రాలేదని తేలింది. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం వ్యాధి ఉన్న ఎలుకల పేగులో గట్టిగా గోడకు అంటుకుపోయిన శ్లేష్మం, బైకార్బొనేట్ ఎక్కువగా కలిపిన ద్రావణంలో మామూలుగా మారిందని చూపింది.

ఈ క్వింటన్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. తన జబ్బును తానే ప్రయోగశాలలో చదివాడు. 1983లో ఈ రోగుల స్వేదనాళాలు క్లోరైడ్‌ను దాటనివ్వవని కనుగొన్నదీ ఆయనే. అసలు లోపం ఎక్కడుందో ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఇలా చిక్కబడిన జిగురు వల్లే ఈ వ్యాధితో పుట్టే పిల్లల్లో నూటికి 10 నుంచి 20 మందికి పుట్టగానే పేగు అడ్డుపడుతుంది. బిడ్డ మొట్టమొదట వేయవలసిన నల్లటి మలం బంకలా గట్టిపడి చిన్నపేగు చివర ఇరుక్కుపోతుంది. కడుపు ఉబ్బుతుంది, పచ్చగా వాంతులవుతాయి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే ప్రాణం దక్కదు. పెద్దయ్యాక కూడా కొందరికి అదే చోట మళ్లీ అడ్డం పడుతుంది.

కణం లోపల సంగతి

ఇప్పటిదాకా వీధిలో పులుపు గురించి చెప్పాను. మరి ఇంటి లోపల? చాలామంది తడబడేది ఇక్కడే. పేగు నాళం పుల్లబడింది కాబట్టి పేగు కణం కూడా పుల్లబడి ఉంటుందని అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. బయటికి పోవలసిన బైకార్బొనేట్ కణంలోనే చిక్కుకుపోతుంది. కాబట్టి కణం లోపల మామూలుకంటే క్షారత్వం పెరుగుతుంది. వీధి పులుపు, ఇల్లు క్షారం.

దీనివల్ల రెండు ఫలితాలు కనిపించాయి. 2004లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో ఆంత్రమూలం మీద ఆమ్లం పారించారు. సి.ఎఫ్.టి.ఆర్. దెబ్బతిన్న ఎలుకల పేగు కణాలు మామూలు ఎలుకల కణాలకంటే తక్కువగా గాయపడ్డాయి. లోపల చిక్కుకున్న బైకార్బొనేట్ ఆ కణాలకు కవచంలా పనిచేసింది. జబ్బులో కూడా ఇలాంటి వింత ఉందన్నమాట.

రెండోది మంచి ఫలితం కాదు. పేగు గోడలోని లోతైన గుంటల అడుగున మూలకణాలుంటాయి. పేగు పైపొర కొద్ది రోజులకొకసారి మొత్తం మారిపోతుంది. కొత్త కణాలను ఇచ్చేవి ఈ మూలకణాలే. 2018లో ప్రచురించిన ఎలుకల పరిశోధనలో, సి.ఎఫ్.టి.ఆర్. లేని మూలకణాల లోపల క్షారత్వం పెరిగిందనీ, దాంతో ‘విభజన చెందు’ అనే సంకేతం బలపడి అవి ఎక్కువగా విభజన చెందుతున్నాయనీ తేలింది. ఈ వ్యాధి ఉన్న పెద్దవారిలో పెద్దపేగు కేన్సర్ ముప్పు మామూలు వారికంటే ఎక్కువ. అందుకే అమెరికాలో 40 ఏళ్ల వయసు నుంచే వారికి పెద్దపేగు పరీక్ష మొదలుపెట్టాలని వైద్యులు 2018లో సూచించారు. కణంలో చిటికెడు క్షారం తేడా కణం ఎన్నిసార్లు విభజన చెందాలో కూడా మార్చగలదని దీన్ని బట్టి తెలుస్తోంది.

ఎలుకలను ఎందుకింత వాడారంటే, 1992లో మొదటిసారి ఈ జన్యువు పనిచేయని ఎలుకలను తయారు చేశారు. వాటిలో ఎక్కువ భాగం పేగు అడ్డుపడే చనిపోయేవి. తర్వాత ఆ ఎలుకల్లోనే పుల్లటి తలుపు ఎన్.హెచ్.ఇ.3ను కూడా తగ్గించి చూశారు. పేగు అడ్డుపడటం తగ్గింది, ఎక్కువ ఎలుకలు బతికాయి. ఒక తలుపు తెరవలేకపోతే, ఎదురు తలుపును కాస్త మూసినా మేలు జరుగుతుందని 2009లో ప్రచురించిన ఈ ప్రయోగం చెప్పింది.

మరి చెమట ఎందుకు ఉప్పన?

యూరప్‌లో పూర్వం ముద్దుపెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలే బిడ్డ బతకడని నమ్మేవారు. ఆ నమ్మకం వెనుక సైన్సు ఉంది. స్వేదగ్రంథి అడుగున పుట్టే చెమటలో ఉప్పు ఎక్కువే. అది గొట్టం గుండా పైకి వచ్చేటప్పుడు సి.ఎఫ్.టి.ఆర్. ఆ ఉప్పును తిరిగి ఒంట్లోకి తీసుకుంటుంది. పేగులో బయటికి పంపే తలుపే ఇక్కడ లోపలికి తీసుకొనే తలుపు. అది మూసుకుపోతే ఉప్పంతా చెమటలోనే పోతుంది. 1948 వేసవిలో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు ఈ పిల్లలే ఎక్కువగా సొమ్మసిల్లి ఆసుపత్రికి రావడం డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్ గమనించాడు. ఆయన బృందం చెమటను పరీక్షించి 1953లో ఉప్పు సంగతి బయటపెట్టింది. 1959 నుంచి చెమట పరీక్ష పద్ధతి వాడుకలోకి వచ్చింది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈ వ్యాధిగా నిర్ధారిస్తారు. 30 కంటే తక్కువైతే ఈ వ్యాధి ఉండే అవకాశం చాలా తక్కువ.

మన ఎండలకు ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. పసిబిడ్డ ఒంట్లోంచి ఉప్పు చెమటగా పోతూ ఉంటే రక్తంలో క్లోరైడ్ తగ్గి, బైకార్బొనేట్ పెరిగి, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అంటే ఒకే బిడ్డలో పేగు నాళం పులుపు, రక్తం క్షారం. వేడి దేశాల్లో కొందరు పిల్లల్లో ఈ జబ్బు మొదట బయటపడేది ఈ రూపంలోనే.

కలరాకు ఎదురు బొమ్మ

ఇదే తలుపు మరో జబ్బులో కూడా ఉంది. కలరా విషం పేగు కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి.ని తగ్గకుండా ఉంచుతుంది. సి.ఎఫ్.టి.ఆర్. తలుపు మూతపడకుండా బార్లా తెరుచుకుంటుంది. క్లోరైడ్, బైకార్బొనేట్, వాటి వెంట నీరు ఏరులా పారి, బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలవుతాయి. బైకార్బొనేట్ పోవడం వల్ల రక్తం ఆమ్లం వైపు మొగ్గుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో తలుపు తెరుచుకోదు, కలరాలో మూసుకోదు. రెండూ ప్రాణాంతకమే.

కలరా విషం పేగు మీద ఎలా పనిచేస్తుందో 1959లో కుందేళ్ల పేగుతో రుజువు చేసినవాడు కలకత్తాకు చెందిన డాక్టర్ శంభునాథ్ దే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీటిని తాగించి వేలమందిని బతికించినవాడు డాక్టర్ దిలీప్ మహలనబిస్. మరణాలు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగాయి. విరేచనాలకు మనం తాగే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఉన్నది ఈ సైన్సే. గ్లూకోజూ సోడియమూ కలిసి వచ్చే తలుపు వేరుగా ఉంది, అది కలరాలో చెడిపోదు. దాని గుండా ఉప్పూ నీరూ లోపలికి పోతాయి. ఇప్పటి పొట్లంలో వంట సోడాకు బదులు సిట్రేట్ ఉంటుంది. అది ఒంట్లో బైకార్బొనేట్‌గా మారుతుంది.

మూడు అక్షరాల లోపం

ఈ వ్యాధికి పేరు పెట్టి, వివరంగా రాసింది అమెరికా వైద్యురాలు డొరొతీ ఆండర్సన్, 1938లో. చనిపోయిన పిల్లల క్లోమంలో తిత్తులూ, పీచూ కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. జన్యువును 1989లో లాప్-చీ సుయి, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కనుగొన్నాయి. అది 7వ క్రోమోజోమ్ మీద ఉంది. దాని నుంచి 1480 అమైనో ఆమ్లాల ప్రోటీన్ తయారవుతుంది. యూరప్ సంతతి రోగులలో ఎక్కువగా కనిపించే లోపంలో డి.ఎన్.ఏ.లో మూడే మూడు అక్షరాలు ఎగిరిపోతాయి. దాంతో 508వ స్థానంలోని ఫినైల్ అలనిన్ ఒక్కటి లోపిస్తుంది. 1480లో ఒకటి పోతే ఏమిటి అనుకుంటాం. కాని ప్రోటీన్ మడత సరిగా పడదు. మడత చెడిన ప్రోటీన్‌ను కణం తనే పట్టుకొని ముక్కలు చేసేస్తుంది. తలుపు వీధి గుమ్మం దాకా చేరనే చేరదు.

ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ ప్రతులు వస్తేనే జబ్బు. ఒక్కటే వస్తే ఆ మనిషి వాహకుడు. ఆరోగ్యంగానే ఉంటాడు. వాహకులైన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కదా, మిగతా ముగ్గురికీ రాదు అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క కొత్తగా మొదలవుతుంది.

మన మేనరికాల లెక్క

ఇది మన ఇళ్లలో మాట్లాడుకోవలసిన విషయం. ఒక అమ్మమ్మ వాహకురాలు అనుకుందాం. ఆమె కొడుకు వాహకుడు అయ్యే అవకాశం 1/2. కూతురికీ 1/2. కూతురి కూతురికి 1/4. ఇప్పుడు ఆ మేనమామకూ మేనకోడలికీ పెళ్లి చేస్తే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 1/2 × 1/4 = 1/8. వారి బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/8 × 1/4 = 1/32. మేనబావ, మేనమరదళ్లకైతే 1/4 × 1/4 × 1/4 = 1/64. అదే మేనమామ బయటి సంబంధం చేసుకున్నాడనుకుందాం. బయట నూటికి ఒకరు వాహకులు అని లెక్క కోసం అనుకుంటే, 1/2 × 1/100 × 1/4 = 1/800. ముప్పై రెండుకూ ఎనిమిది వందలకూ తేడా 25 రెట్లు. మేనరికం చేసుకున్న ప్రతివారికీ ఇలా జరుగుతుందని కాదు. కాని ఈ లెక్క ఈ ఒక్క జబ్బుకే కాదు, అంతర్గత జన్యు వ్యాధులన్నింటికీ వర్తిస్తుంది. ఆస్తి బయటికి పోదనో, మాట ఇచ్చామనో చేసే పెళ్లిలో ఈ లెక్క కూడా వేయాలి.

ఇంకో మాట. ఇది తెల్లవాళ్ల జబ్బు, మన దేశంలో ఉండదు అని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. ఢిల్లీ ఎయిమ్స్ వంటి ఆసుపత్రుల పిల్లల వైద్యులు మన దేశపు రోగుల గురించి దశాబ్దాలుగా రాస్తున్నారు. మనవాళ్లలో 508వ స్థానపు లోపం యూరప్‌లో ఉన్నంత ఎక్కువగా లేదు. వేరే లోపాలు కూడా ఉన్నాయి. ‘ఉండదు’ అనుకుంటే వెతకరు. వెతకకపోతే కనిపించదు. కనిపించకపోతే మళ్లీ ‘ఉండదు’ అంటారు. ఈ లోపల ఆ బిడ్డకు పోషణలోపం అని పేరు పెడతారు. మాటిమాటికీ దగ్గు వస్తుంది కనుక క్షయ మందులు వాడతారు. ఊళ్లోవాళ్లు తల్లిని అంటారు, ‘బిడ్డకు కడుపునిండా పెట్టడం చేతకాదు’ అని. ఆ తల్లి పెడుతూనే ఉంటుంది. పెట్టింది ఒంట పట్టనిది ఆ పేగులో తలుపు తెరుచుకోక.

వైద్యం ఉందా?

ఉంది. పంది క్లోమం నుంచి తీసిన ఎంజైముల గుళికలు అన్నంతోపాటు మింగిస్తారు. జీర్ణాశయపు పులుపుకు పాడవకుండా గుళికలకు పూత ఉంటుంది. అది పి.హెచ్. 5.5 దాటిన చోట కరుగుతుంది. కాని ఈ రోగుల ఆంత్రమూలం పుల్లగా ఉంటుంది కదా. పూత కరగడం ఆలస్యమై, మందు ఉన్నా ఫలితం తగ్గుతుంది. అందుకే కొందరికి జీర్ణాశయ ఆమ్లాన్ని తగ్గించే మందు కూడా కలిపి ఇస్తారు. ఎ, డి, ఇ, కె విటమిన్లు, కొవ్వూ శక్తీ ఎక్కువున్న ఆహారం, ఎండాకాలంలో అదనంగా ఉప్పు ఇవ్వాలి. వీటితోపాటు ఊపిరితిత్తుల కఫం తీసే వ్యాయామం, యాంటీబయాటిక్స్ కావాలి.

తలుపునే బాగుచేసే మందులు కూడా వచ్చాయి. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఐవకాఫ్టర్, గుమ్మం దాకా చేరినా తెరుచుకోని తలుపును తెరిపిస్తుంది. ఆ మందు వాడిన రోగులు సెన్సారున్న గుళిక మింగితే, చిన్నపేగు మొదటి భాగంలో పులుపు త్వరగా విరుగుతున్నట్లు అది చూపింది. 2019లో మూడు మందుల మిశ్రమం వచ్చింది. మడత చెడిన ప్రోటీన్‌ను సరిచేసి గుమ్మానికి చేరుస్తుంది, తెరిపిస్తుంది కూడా. వచ్చిన ఏడాది అమెరికాలో దాని ధర మనిషికి సంవత్సరానికి 3 లక్షల డాలర్లకు పైనే. మన రూపాయల్లో రెండు కోట్లు దాటుతుంది. పైగా జీవితాంతం వాడాలి. తలుపు తెరిచే తాళంచెవి దొరికింది కాని, అది పేదవాడి చేతికి అందే ధరలో లేదు. ఇది సైన్సు వల్ల వచ్చిన కష్టం కాదు, సమాజం తేల్చుకోవలసిన విషయం.

మన ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ జబ్బు పేరు ఉంది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి, దానితోపాటు డి.ఎన్.ఏ. పరీక్షలు చేసే సి.డి.ఎఫ్.డి. సంస్థ ఉన్నాయి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఊరు వెళ్లినప్పుడు కళ్లు తెరిచి చూడండి. నిండా తింటున్నా బరువు పెరగని బిడ్డ, జిడ్డు విరేచనాలు, మానని దగ్గు, ఎండాకాలంలో ఊరికే సొమ్మసిల్లడం, ఒంటి మీద ఉప్పు చారలు, అదే ఇంట్లో అంతకుముందు ఒక బిడ్డ కారణం తెలియకుండా పోవడం – ఇవి కలిసి కనిపిస్తే, ఆ తల్లితో ‘అమ్మా, ఇది నీ తప్పు కాదు, పెద్దాసుపత్రిలో చెమట పరీక్ష ఒకటి ఉంటుందట, అడుగు’ అని చెప్పండి. ఆ ఒక్కమాట చెప్పడానికి డాక్టరు కానక్కరలేదు, ఆమ్లాలు–క్షారాల పాఠం శ్రద్ధగా చదివితే చాలు.